దారి పడని చేను

ఆ రోజు మా రూప్లి అత్త చేను ఆమెకు ఉంటుందో పోతుందో తేలిపోవాలి. తేల్చడానికి వచ్చినవాళ్ళు మాత్రం పెళ్ళికి రెండు రోజుల ముందే దిగిన చుట్టాల్లా ఉన్నారు. ఎనిమిదింటికి మొదలు కావలసిన సర్వే పది దాటినా దొర తోటలో ఉప్మా దగ్గరే ఆగి ఉంది. ఒకరు జీడిపప్పు తక్కువైందంటారు, ఇంకొకరు రెండో టీ అంటారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. కానీ నా ఉద్యోగానికి మంట బయటికి చూపించే హోదా లేదు.

నా పేరు కోటేష్. మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటును. బద్యా తండాలో సర్కారు జీతం తీసుకున్న మొదటివాణ్ణి. అందుకని తండాలో నేను ఆఫీసరును, ఆఫీసులో తండావాణ్ణి. ఆ రోజు పంచనామా రాసే పని నాకు పడింది. సొంత మేనత్త కేసులో నువ్వెట్లా రాస్తావని ఎవరూ అడగలేదు. మా చుట్టరికాలు ఎవరికి గుర్తుంటాయి కనుక?

రెండువేల తొమ్మిది, ఫిబ్రవరి. అడివిలో పోడు కొట్టుకుని బతికేవాళ్ళకు ఆ భూమి మీద హక్కు ఇవ్వమని కొత్త చట్టం వచ్చింది. రెండువేల ఐదు డిసెంబరుకు ముందు నుంచే సాగులో ఉన్నట్టు రుజువు చూపించాలి, అంతే. అత్త, లాలు మామ కలిసి ఆ లోయలో మూడున్నర ఎకరాలు ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నారు. జొన్న వేశారు, కంది వేశారు, ఇద్దరు కొడుకులను ఆ గింజల మీదే పెంచారు. ఇరవై రెండేళ్ళ సాగుకు రుజువులకేం కొదవ అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

దొర అంటే మేం అలవాటుగా అనే మాట. ఆయన కల్లూరు వైపు ఆసామి. అడివి అంచున నూట ఇరవై ఎకరాల మామిడి తోట వేశాడు. లోయలోకి పోవాలంటే ఆ తోట దాటి పోవాలి. సర్వే టీమును దారిలో ఆపి టిఫిన్ పెట్టడం ఆయన మర్యాద. ఆ మర్యాదలో కొంత ముందుచూపు కూడా ఉందని అందరికీ తెలుసు. ఆ రోజు ఆయన ఇంటికి హైదరాబాదు నుంచి బావమరిది, అతని భార్య వచ్చి ఉన్నారు. మామిడి పూత చూడటానికి వచ్చారట. సర్వే లోయలోకి పోతోందని తెలిసి మేమూ వస్తామన్నారు.

"అక్కడ మంచి నీడ ఉంటుందండీ. వాగు కూడా పారుతుంటుంది. మధ్యాహ్నం భోజనాలు అక్కడికే పంపిస్తాను. మెల్లగా నడుచుకుంటూ పోదాం" అన్నాడు దొర.

అటవీశాఖ రేంజర్ సారుకు మోకాళ్ళ నొప్పులు, రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. 'మెల్లగా' అనే మాట ఆయనకు బాగా నచ్చింది. అలా మా అత్త బతుకు కాస్తా వనభోజనమైంది.

లాలు మామ, అత్త గేటు బయట బోరింగు దగ్గర పొద్దున ఏడింటి నుంచి నిలబడి ఉన్నారు. మామ, తన కొడుకు పెళ్ళికి కుట్టించుకున్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. అత్త అద్దాల రవికె మీద ఉతికిన ఓణీ కప్పుకుంది. నేను బయటికి రాగానే మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"సార్లు మంచిగనే ఉన్నరు కదరా? కోపంల ఏం లేరు గదా?"

"మంచిగనే ఉన్నరు మామా. కడుపు నిండ తిన్నరు."

"ఇంకేంది మరి. కడుపు నిండినోడు కీడు చెయ్యడు."

ఆ మాట విని అత్త నవ్వలేదు. ఆమె ఎప్పుడూ అంతే, పని అయ్యాక నవ్వేది.

తోటలో గంటసేపు నడిచాం. నిజానికి అరగంట దారే. దొర ప్రతి వరుస దగ్గరా ఆగి ఇది బంగినపల్లి, ఇది చిన్న రసం, ఇది మా నాన్న నూజివీడు నుంచి తెప్పించిన అంటు అని చెబుతున్నాడు. పూత నిండా ఉంది, తేనెటీగలు ముసిరి ఉన్నాయి, వాసన కమ్మగా ఉంది. కాదని నేనెందుకు అంటాను? బావమరిది భార్య కొమ్మ వంచి పూత ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆమె మంచిదే. మా అత్తను చూసి 'అమ్మా, మీరు ముందు నడవండి' అన్న ఒకే ఒక్క మనిషి ఆమె.

తోట చివరి ఇరవై ఎకరాలు ఒకప్పుడు అడివే. మా తాత కూలికి పోయి కొట్టిన చెట్లే. దానికి ఎప్పుడో పట్టా అయింది, కాబట్టి అది తోట. అత్తది కాలేదు, కాబట్టి అది ఆక్రమణ. ఈ సంగతి నేను అక్కడ అనలేదు. ఫైలు చంకలో పెట్టుకుని వెనకాల నడిచాను.

తోట కంచె దాటగానే అడివి, అక్కడి నుంచి నేల పల్లానికి దిగుతుంది. రెండు గుట్టల మధ్య సన్నటి లోయ, అడుగున వాగు. ఫిబ్రవరిలో మోకాలి లోతు కూడా ఉండదు. మామ అందరికంటే ముందు నడుస్తూ వాగు దగ్గరికి రాగానే, ఒడ్డున ఆగకుండా చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్ళలోకి దిగి, నీళ్ళలోనే పైకి నడవడం మొదలుపెట్టాడు. అత్త కూడా దిగింది.

"ఏమయ్యా, నీళ్ళలో ఎక్కడికి? దారి లేదా మీ చేనుకు?" అన్నాడు రేంజర్.

మామ వెనక్కి తిరిగి సంబరంగా చెప్పాడు. "లేదు సారూ. ఇరవై రెండేండ్ల సంది నీళ్ళల్లనే నడుస్తున్నం. ఎడ్లను గూడ ఇట్లనే తోలుకపోతం. గడ్డ మీద నడిస్తే దారి పడతది గదా. దారి పడితే మీ జంగ్లాతోళ్ళకు ఎరుకైతది."

అందరూ నవ్వారు. దొర అయితే మామ భుజం తట్టాడు. రేంజర్ కూడా నవ్వి, నా వైపు తిరిగి, "రాసుకో కోటేష్. చేనుకు దారి లేదు" అన్నాడు.

రాశాను. అప్పటికి అది ఒక్క ముక్కే కదా అనుకున్నాను.

చెప్పులు, బూట్లు చేతిలో పట్టుకుని అందరం నీళ్ళలో నడిచాం. బావమరిదికి అది చిన్నప్పటి ఆటలా ఉంది. కెమెరా తీసి భార్యను నీళ్ళలో నిలబెట్టి ఫోటోలు తీశాడు. సర్వేయరు సంపత్ నా పక్కన నడుస్తున్నాడు. అతనిది ఇల్లందు. తండ్రి ఎల్లస్వామి ముప్ఫై ఏళ్ళు బాయిలోకి దిగి బొగ్గు తవ్విన మనిషి. అందుకో ఏమో, ఇలాంటి సర్వేల్లో అతను గొంతు పెంచి మాట్లాడగా నేను చూడలేదు.

"కోటేషన్నా, మీ మామను కొంచెం తక్కువ మాట్లాడమను" అన్నాడు మెల్లగా.

చెప్పి చూశాను. వింటేగా! ఇరవై రెండేళ్ళు నోరు మూసుకుని దాచుకున్న తెలివి అది. మెచ్చుకునేవాళ్ళు మొదటిసారి దొరికారు.

చేనులోకి చేరేసరికి పన్నెండయింది. కంది కోసేశారు, మోళ్ళు ఉన్నాయి. మధ్యలో అక్కడక్కడ పెద్ద ఇప్పచెట్లు, మొత్తం పద్నాలుగు. చేను చుట్టూ గట్టు లేదు. గుడిసె లేదు. సంపత్ కొలతల మిషను పట్టుకుని మూలమూలకీ నడిచాడు, మామ అతని వెంట నడిచాడు. ఎటు చూపించినా మామ దగ్గర ఒక గొప్ప ఉంది. గట్టు ఎందుకు వెయ్యలేదంటే గుట్ట మీద నుంచి చూస్తే గీతలా కనిపిస్తుందని. ఇప్పచెట్లు ఎందుకు కొట్టలేదంటే పువ్వు వస్తుంది, పైగా కింద పంట కనపడదని. నరికిన చెట్ల మొదళ్ళు ఏమయ్యాయంటే, వేళ్ళతో సహా తవ్వి తండాకు మోసుకుపోయి పొయ్యిలో పెట్టారు. మంచె ఏదంటే, పంట అయిపోగానే విప్పి గుంజలు వాగు ఇసుకలో పూడ్చిపెడతారు.

"ఒక్క కేసు గాలేదు సారూ నా మీద. మా వీరన్న మూడుసార్లు దొరికిండు, పదకొండు దినాలు జైల్ల గూడ ఉన్నడు. నన్ను మాత్రం ఒక్కసారన్న చూసిండ్రా మీరు?"

"లేదయ్యా. నిన్నెప్పుడూ చూడలేదు" అన్నాడు రేంజర్.

మా తండా వీరన్నకు కిందటి వారమే పట్టా ఖాయమైంది. పాత కేసు కాగితం, జైలు కాగితం, అవే అతనికి రుజువులు. ఫలానా సంవత్సరం ఫలానా చోట ఇతను సాగు చేస్తుండగా పట్టుకున్నామని జంగ్లాతు వాళ్ళే రాసి ఇచ్చారు కదా. దొరికినవాడికి పట్టా, దొరకనివాడికి మొండిచెయ్యి. చట్టం రాసినవాళ్ళు ఇలా అవుతుందని అనుకుని ఉండరు. మా వాళ్ళూ అనుకోలేదు. భయపడి బతకడంలో లాలు మామంత నేర్పరి తండాలో ఇంకొకడు లేడు. ఆ నేర్పే ఇవాళ ఆయన గొంతు పట్టుకుంది.

సంపత్ సంచిలోంచి ఒక రంగు కాగితం తీశాడు. రెండువేల ఐదులో ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మ. లోయ అంతా పచ్చగా ఉంది. ఆ పచ్చటి చుక్కల్లో మా పద్నాలుగు ఇప్పచెట్లూ ఉన్నాయి. చేను లేదు.

"ఇందులో అడివే కనపడుతున్నది తాతా" అన్నాడు.

మామ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు పోయింది. "గిదేంది? గట్లెట్ల? మేం ఈడనే ఉంటిమి గదా" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. 

అంతలో తోట నుంచి భోజనాలు వచ్చాయి. ఇద్దరు ఆడకూలీలు గంపల్లో మోసుకొచ్చారు. నాటుకోడి కూర, బగారన్నం, గోంగూర, పెరుగు. దొర చుట్టూ చూసి, అన్నిటికంటే పెద్ద ఇప్పచెట్టు నీడ చూపించాడు. అక్కడ నేల చదునుగా, మెత్తగా ఉంది, మోళ్ళు లేవు. ఆడవాళ్ళు జంపఖానా పరిచారు. అందరూ కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు.

నేను కూర్చోబోయి ఆగిపోయాను. అది ఏ చోటో నాకు తెలుసు.

తొంభై ఏడులో, శ్రావణంలో, వాగు నాలుగు రోజులు దిగలేదు. అత్త, మామ, వాళ్ళ బిడ్డ గోరి, ముగ్గురూ చేనులోనే చిక్కుకుపోయారు. గోరికి తొమ్మిదేళ్ళు. చలిజ్వరం. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆరెంపీ ఇచ్చిన మాత్రలు ప్లాస్టిక్ కవరులో చుట్టి నెత్తికి కట్టుకుని, నాలుగో రోజు పొద్దున వాగు ఈదాను. నేను వచ్చేసరికి పిల్ల పోయి మూడు గంటలయింది. మాలో పెళ్ళయినవాళ్ళను కాలుస్తారు, కానివాళ్ళను పూడుస్తారు. తండాకు మోసుకుపోవడానికి వాగు దారివ్వలేదు. నేనూ మామా కలిసి ఈ చెట్టు కిందే గుంత తీశాం. తల దగ్గర రాయి పెట్టడం ఆచారం. అత్త వాగులో నుంచి రాయి ఏరుకుని కూడా వచ్చింది. మామ పెట్టనివ్వలేదు. రాయి ఉంటే ఇక్కడ మనుషులు ఉంటున్నారని తెలుస్తుంది అన్నాడు. మట్టి కూడా చదును చేశాడు.

మరుసటి ఏడు ఆ చోటును వదిలి దున్నితే, వదిలిన ముక్క కళ్ళకు కొట్టినట్టు కనిపించింది. అందుకని దాని మీద కూడా దున్నారు. నాగలి అక్కడికి రాగానే అత్త పక్కనే నడుస్తూ 'లేపు' అని అరిచేది. మామ మేడి పైకి లేపి, కర్రు పైపైన గీసుకుపోయేలా నాలుగడుగులు నడిపించేవాడు. గుంత తీసినవాడే అయినా, ఏ చెట్టు కిందో, ఏ నాలుగడుగులో మరిచిపోవాలని మామ ఎన్నడూ అటు చూడలేదు. ఆయన తల తిప్పుకుని నడిచేవాడు. చూసేది అత్త. ఇలా పన్నెండేళ్ళు.

ఇప్పుడు ఆ నాలుగడుగుల మీద జంపఖానా పరిచి ఉంది. దాని మీద రేంజర్ సారు నొప్పుల కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పక్కన బావమరిది భార్య.

అత్తను చూశాను. ఆమె అందరికీ మంచినీళ్ళు పోస్తోంది. జంపఖానా మీద కాలు పెట్టకుండా, చుట్టూ తిరిగి, వంగి, చెయ్యి చాచి పోస్తోంది.

"నువ్వూ కూర్చో అమ్మా. ఎంతసేపు నిలబడతావు?" అంది బావమరిది భార్య. "ఎంత చల్లగా ఉందో ఇక్కడ. నాకైతే ఇక్కడే పడుకోవాలనిపిస్తోంది."

"మీరు తినుండ్రి అమ్మా" అంది అత్త.

సంపత్ పళ్ళెం ముందు పెట్టుకుని కూడా ఫైలు వదల్లేదు. ఇంకేదైనా దారి దొరుకుతుందేమోనని రుజువుల జాబితా చదువుతున్నాడు. "కేసు కాగితాలు లేవు. పన్ను రసీదులు లేవు. బావి, రాతి కట్ట, గట్టు... లేవు. పాత చెట్లు నాటినయి లేవు. దేవుని గద్దె గాని, సమాధి గాని..."

మామ తల ఎత్తాడు. "సమాధి ఉంటే పనికొస్తదా సారూ?"

"పనికొస్తది తాతా. దానికంటే గట్టి రుజువు ఇంకోటి ఉండదు. ఎవరిది?"

"నా బిడ్డది. గోరిది. ఈడనే పెట్టినం, ఈ చేన్లనే. పన్నెండేండ్లయింది." మామ గబగబా లేచాడు. మా భాషలో అత్తతో అన్నాడు, "చెప్పవే. ఏ చోటనో చెప్పు. నీకు తెల్సు గదా."

అత్త చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

రేంజర్ ముద్ద నోట్లో పెట్టుకుంటూ అన్నాడు, "ఉందంటే సరిపోదయ్యా. పైన రాయి లేదు, దిబ్బ లేదు. అంతా దున్నిన నేలే కదా. నోటి మాట నేను రాసుకోలేను. తవ్వితే ఏమన్నా కనపడిందనుకో, అప్పుడు రాస్తాను. నాకేం అభ్యంతరం లేదు."

ఆయన కర్కశంగా అనలేదు. అసలు తవ్వుతారని అనుకోనూ లేదు, మాట ముగించడానికి అన్నాడు. కానీ హద్దురాళ్ళు పాతడానికి తెచ్చిన పార చెట్టుకు ఆనించి ఉంది. మామ పోయి దాన్ని అందుకున్నాడు. తెల్ల చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ముఖంలో మాత్రం ఆశ. ఒక మనిషి ముఖంలో ఆ రెండూ కలిసి ఉండటం చూడకూడదు.

"చూపియ్యి రూప్లీ. నేనే తవ్వుత. మెల్లగ తవ్వుత. మన పిల్ల మనకు చేను ఇప్పిస్తదే."

జంపఖానా మీద తినడం ఆగిపోయింది. బావమరిది భార్య పళ్ళెం కింద పెట్టింది.  "అయ్యో... ఎక్కడమ్మా? మేం కూర్చున్న చోట కాదు కదా?" అంది.

అత్త ఆమెను చూసింది. తర్వాత మామ చేతిలో పారను చూసింది. అన్నిటికంటే చివర నన్ను చూసింది. ఆ చోటు తెలిసిన రెండో మనిషిని నేనే.

"కాదమ్మా. ఈడ ఎవ్వరు లేరు" అంది అత్త. "మీరు తినుండ్రి. పిల్లను తండాకాడ పెట్టినం. ఈ ముసలాయనకు మతి లేదు. చేను మీది ఆశకు ఏదో ఒకటి అంటున్నడు."

"ఏందే ఆ మాట! ఏందే!" మామ గొంతు చిరిగిపోయింది. పార విసిరి కొట్టాడు. "సారూ, అబద్ధం సారూ! ఈడనే ఉన్నది! కోటేష్‌ను అడుగుండ్రి! వాడు నాతోని గుంత తీసిండు!"

అందరూ నన్ను చూశారు. ఒక్క మాట చాలు. నేను వేలు చూపిస్తే చాలు, అందరూ లేస్తారు, జంపఖానా తీస్తారు. చేను దక్కుతుందేమో. అత్త నా వైపు చూడటం మానేసి నేల చూస్తోంది, నేను ఏదంటే అది ఒప్పుకునే మనిషిలా.

"నాకు గుర్తు లేదు" అన్నాను.

రేంజర్ చెయ్యి కడుక్కున్నాడు. "రాసెయ్యి మరి" అన్నాడు. రాశాను: చేనులో ఎలాంటి సమాధి లేదని దరఖాస్తుదారు రూప్లి స్వయంగా పంచుల ముందు చెప్పింది. అత్త వేలిముద్ర వేసింది. మామ వెయ్యనన్నాడు. చెట్టు మొదట్లో కూర్చుని చేతుల్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దొర ఇబ్బందిగా వాగు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆడకూలీలు జంపఖానా దులిపి మడతపెట్టారు.

తిరుగు దారిలో సార్లెవరూ నీళ్ళలోకి దిగలేదు. రేంజర్ వెంట వచ్చిన బీటు ఆఫీసరు ముందు నడుస్తూ ఒడ్డు మీది తుప్పలు, కొమ్మలు కత్తితో నరికి దారి చేశాడు.  తర్వాత భుక్తాయాసం తీరినకొద్దీ మళ్ళీ మాటలు మొదలయ్యాయి. రేంజర్ దొరతో చెబుతున్నాడు, నేను ఆయన వెనకే ఉన్నాను.

"ఈ క్లెయిము పోయింది కాబట్టి ఇక లోయ అంతా మాకు క్లియర్ అండీ. జూన్‌లో తవ్వే మిషను వస్తుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా మీటరు లోతు కందకాలు తీయించి జామాయిల్ పెట్టిస్తాం. ఇప్పచెట్లు కూడా తీసేస్తాం, మిషనుకు అడ్డం."

"మంచిదేనండీ. ఇటు పశువులు రాకుండా ఉంటాయి" అన్నాడు దొర.

నా కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి. నేను తలుచుకున్నది ఆ చెట్టును. ఆ చెట్టును వేళ్ళతో పెకిలిస్తే దానికింద ఏం మిగులుతుంది? అత్త మాట కాదనకపోవడం ఆమెకు చేసిన గౌరవం అనుకున్నాను నేను. గౌరవం కాదు, అంతమంది ముందు నోరు పెగల్లేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. కాగితం ఇంకా నా చంకలోనే ఉంది.

ఆగి సంపత్‌ను కలుపుకున్నాను. "సార్, పంచనామాల తప్పు రాసిన. సమాధి ఉన్నది. నాకు తెలుసు."

అతను ఆశ్చర్యపోలేదు. "నేను అనుకున్న" అన్నాడు.  "కొట్టేసి మళ్ళ రాద్దం. రేంజర్‌ను నేను ఒప్పిస్త. కానీ అన్నా, చూపియ్యాలె. తవ్వాలె. పన్నెండేండ్లయింది, తొమ్మిదేండ్ల పిల్ల, ఈ వాగు పక్క తేమ నేల. ఏం దొరుకుతదో నాకు తెల్వదు. ఏం దొరకకపోతే? ఆమె నిలబడి చూస్తుండగ నువ్వు తవ్వుతవా?"

 అతను నా జవాబు కోసం కొన్ని అడుగులు ఆగి, తర్వాత ముందుకు పోయాడు.

అత్త అందరికంటే వెనక, వాగులోనే నడిచి వస్తోంది. మామ ఆమెకు చాలా ముందు, ఆమెతో కలవకుండా నడుస్తున్నాడు. నేను ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాను.

"అత్తా, ఎందుకు గట్ల చెప్పినవ్?"

 ఆమె నీళ్ళలో రాళ్ళు చూసుకుంటూ నడిచింది.

"చేను కోసమని పిల్లకు రాయి పెట్టనియ్యలేదు మీ మామ. నేను ఊకున్న. చేను కోసమని దాని మీద నాగలి నడిపిచ్చినం. ఊకున్న. ఇయాల పార పట్టిండు. ఇంక ఎన్నిసార్లురా కోటేషూ? ఆ పార దానికి తగిలితే నేను ఆ చేన్ల పండిన గింజ నోట్ల ఎట్ల పెట్టుకుంట?"

"చేను పోయింది గదత్తా."

"పోనియ్యి. కొడుకులు కూలికి పోతరు. నేను గూడ పోత." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "నేనొకటి ఆలోచన చేసిన. మనకియ్యకపోతే అది జంగ్లాతోళ్ళదే గదా. వాళ్ళది అయితే అడివైతది. అడివిల ఎవ్వరు దున్నరు. పన్నెండేండ్ల సంది ప్రతి ఏరువాకకు నాకు పానం పోయినంత పని అయితుండె. ఇగ ఆ బాధ లేదు. పిల్ల సల్లగ పండుకుంటది."

  ముందు ఒడ్డు మీద రేంజర్ నవ్వు వినపడింది.

"ఆ సారు దొరతోని ఏమో చెప్పుకుంట పోతుండె" అంది అత్త. "మన చేను సంగతేనా?"

"అవ్ అత్తా."

"ఏమన్నడు?"

మిషను అనాలి. కందకాలు అనాలి. ఇప్పుడే చెబితే ఆమె ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది, తన చేతులతో తనే మట్టి తీస్తుంది. చెప్పకపోతే జూన్ దాకా నాలుగు నెలలు నిద్రపోతుంది. నేను ఆలోచించిన లెక్క అంతే. దానికి ధైర్యం అని గానీ దయ అని గానీ పేరు పెట్టలేను.

"చెట్లు పెడతరంట" అన్నాను.

"ఎప్పుడు?"

"వానలు పడంగనే."

అత్త నీళ్ళలో నిలబడిపోయింది. ఎండ ఆమె రవికె అద్దాల మీద పడి నా కళ్ళలో కొట్టింది. ఆ రోజు పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె నవ్వింది.

"పెద్దగయితయా ఆ చెట్లు?"

"అయితయి అత్తా. శానా పెద్దగయితయి."

"మంచిగయింది" అంది. పావడా పైకి పట్టుకుని, మామను అందుకోవడానికి గబగబా నడిచింది. ఆమె పిలుపు నాకు వినపడుతూనే ఉంది. "ఓయ్, ఆగు. ఇగ ఏడువకు. పిల్ల కాడ చెట్లు పెడతరంట. ఎవ్వరు ముట్టరంట. కోటేష్ చెప్పిండు."

మామ ఆగాడు. ఎర్రబడ్డ కళ్ళతో ఆమెను దాటి నన్ను చూశాడు. మేం ఇద్దరం కలిసి గుంత తీసిన సంగతి గుర్తు లేదన్నవాణ్ణి నేను. అయినా నిజమేనా అన్నట్టు నన్నే చూశాడు.

నేను అవునని తల ఊపాను.